గవిని యొద్ద నిలిచిన స్త్రీలు



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము మిక్కిలి ప్రాచీనమైనది. మన ఊరికి మిక్కిలి దూరమైనది. మధ్యధరా సముద్రపు తూర్పు తీరమున, కనాను దేశములో నివసించిన ఇశ్రాయేలీయుల కుటుంబ గాథలయందు స్త్రీలు ఎట్లు జీవించిరి అనునదే ఆ విషయము. "కర్నూలు, కడప సీమలలో ఎఱ్ఱనేలను, నల్లరేగడిని దున్నుకొని బ్రతుకు మాకు ఆ దూరదేశపు ఆడువారి ముచ్చట ఏల?" అని మీలో కొందఱికి తోపవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే ఈ ప్రసంగము.

ఈ గాథలు మన సీమకు క్రొత్తవి కావు. 1822వ సంవత్సరములో లండను మిషనువారు కడపలో తమ కేంద్రమును నెలకొల్పిరి. పిమ్మట జమ్మలమడుగు, ముత్యాలపాడు, నంద్యాల, కర్నూలు మొదలగు చోట్ల వేఱువేఱు మిషనులవారు బడులను, ఆలయములను కట్టిరి. వారితోపాటు తెలుగు బైబిలు పల్లెలకు చేరినది. రూతమ్మ, రాహేలమ్మ, శారమ్మ అను పేర్లుగల అవ్వలను మీరందఱు ఎఱుగుదురు. ఆ పేర్లు ఈ గాథలలోనివే. మన ముస్లిము సోదరులు ఇబ్రాహీము ప్రవక్త కథను, హాజిరా తల్లి కథను బాల్యమునుండియు విన్నవారు. కాబట్టి నేడు నేను చెప్పబోవునది మన చావడిలోనికి ఎన్నడో వచ్చి కూర్చున్న కథయే.

బైబిలును తెలిగించినవారు ఈ కథలను చెప్పుటకు మన పొలములలోని మాటలనే తీసికొనిరి. కోత ముగిసిన పిదప చేనిలో మిగిలిన వెన్నులను ఏఱుకొనుటకు "పరిగె" అను మాటను వాడిరి. గింజల కొలతకు "తూము" అనిరి. ఊరి కోటవాకిలికి "గవిని" అనిరి. ఈ మూడింటిలో కడపటి మాటను మీరు జ్ఞాపకముంచుకొనవలెను. నా ప్రసంగమంతయు దాని చుట్టును తిరుగును.

గవిని యనగా ఏమి? ఆ కాలపు పట్టణములకు చుట్టును ప్రాకారము, దానికొక వాకిలి ఉండెడివి. పొలమునకు పోవువారు, బావినుండి వచ్చువారు, బేరగాండ్రు, బాటసారులు అందఱును ఆ వాకిట నడువవలసినదే. అందుచేత ఊరిపెద్దలు అచ్చటనే కూర్చుండి తగవులు తీర్చుచుండిరి. భూమి అమ్మినను కొన్నను అచ్చటనే సాక్షులను పిలుచుచుండిరి. దాను, గెజెరు అను పురాతన పట్టణములను త్రవ్వినప్పుడు గవిని ప్రక్కన రాతి అరుగులు బయల్పడినవి. వేపచెట్టు క్రింది మన రచ్చకట్ట ఎట్టిదో ఆ అరుగు అట్టిది. ఆ అరుగుమీద పురుషులే కూర్చుండిరి. స్త్రీ బ్రతుకునకు సంబంధించిన తీర్పులో పెక్కు అచ్చటనే జరిగినవి. ఆమె మాట ఆ అరుగువఱకు చేరినదా లేదా? చేరినప్పుడు ఏమి జరిగెను? చేరనప్పుడు ఏమి జరిగెను? ఇదియే నేను మీ ముందుంచు ప్రశ్న.

ముందుగా ఆ స్త్రీల దినచర్యను కొంచెము చూతము. ఆ దేశమును మనదానివలె వానకు ఎదురుచూచు మెట్టదేశమే. చలికాలపు వానలు తప్పినచో కఱవు తప్పదు. అబ్రాహాము కఱవునకు తాళలేక ఐగుప్తునకు పోయెను. యాకోబు కుమారులు ధాన్యము కొనుటకు ఐగుప్తునకే పోయిరి. నయోమి కుటుంబము మోయాబునకు వలసపోయెను. 1876 మొదలు 1878 వఱకు మన సీమను పీడించిన ధాత కఱవు ముచ్చటలను తాతలనోట విన్నవారికి ఈ ప్రయాణములను వివరింప నక్కఱలేదు. ఇప్పటికిని ఆదోని, కోసిగి, ఆలూరు ప్రాంతముల కూలివారు పిల్లలను అవ్వలకడ విడిచి, మిరపకాయల కోతకును పత్తి తీతకును గుంటూరు సీమకు సుగ్గికి పోవుచున్నారు గదా!

ఆ కాలపు ఇండ్లను త్రవ్వి చూచినవారికి రొట్టెలు కాల్చు పొయ్యిలు, పిండి విసరు రాళ్లు, మగ్గమునకు వ్రేలాడగట్టు మట్టి గుండ్లు దొరకినవి. నీరు చేదుట, గింజలు విసరుట, నూలు వడకుట, గుడ్డ నేయుట స్త్రీల పనులు. ఇంటిల్లిపాదికి రొట్టె కావలెనన్న ఆమె దినదినము గంటలకొలది విసరవలసి యుండెను. వారి ధర్మశాస్త్రమున ఒక నిబంధన కలదు: అప్పుక్రింద తిరుగలినిగాని, తిరుగటి పైరాతినిగాని తాకట్టు పట్టరాదు, అట్లు పట్టుట ప్రాణమునే తాకట్టు పట్టుటయగును. ఇంటిలోని స్త్రీ శ్రమయే ఇంటివారి ప్రాణమని ఒప్పుకొన్న నిబంధన యిది.

మఱియొక చిన్న మాట. ఆ సమాజములో ఇల్లు తండ్రి పేరున నడచెను. వంశము కొడుకుల పేరున సాగెను. అయినను రెండు మూడు తావుల గ్రంథము "తల్లి యిల్లు" అను మాట వాడినది. బావికడ క్రొత్తవానిని చూచిన రిబ్కా ఆ వార్త చెప్పుటకు తల్లి యింటికే పరుగెత్తెను. విధవలైన కోడండ్రను నయోమి తల్లి యిండ్లకు పొమ్మనెను. మనమును పత్రములలో తండ్రి పేరు వ్రాయించుకొనుచునే, మాటలలో "అమ్మగారిల్లు" అనుచున్నాము. ఆపదలో ఆడుబిడ్డకు జ్ఞాపకము వచ్చు ఇల్లు ఏ దేశమునందైనను అదియే.

ఇక పెండ్లి ముచ్చట. అబ్రాహాము తన కొడుకైన ఇస్సాకునకు పిల్లను తెచ్చుటకై పెద్ద దాసుని పది ఒంటెలతో పంపెను. సాయంవేళ స్త్రీలు నీరు చేదుకొను సమయమున వాడు బావికడ నిలిచెను. రిబ్కా వానికి నీరిచ్చుటయే గాక, ఒంటెలన్నియు త్రాగి తనియువఱకు మాటిమాటికి బావికి దిగి కడవతో చేది పోసెను. నూతి నీరు మోసినవారికే ఆ పని బరువు తెలియును. పిమ్మట ఆమె అన్నయు తండ్రియు సంబంధము నిశ్చయించిరి, నగలు ముట్టినవి. అయినను మఱునాడు ప్రయాణపు వేళ ఆ యింటివారు ఒక పని చేసిరి: పిల్లను పిలిచి, ఈ మనుష్యునితో పోయెదవా అని అడిగిరి. ఆమె పోయెదనని చెప్పెను. పెద్దలు కుదిర్చిన పెండ్లిలోనే పిల్లనోట మాట విన్న ఇల్లది. ఆ మాట వినుటవలన వారి పెద్దఱికమునకు లోపమేమియు రాలేదు.

తరువాతి తరమున జరిగినది వేఱు. రిబ్కా కొడుకు యాకోబు అన్నకు వెఱచి, మేనమామయైన లాబాను ఇంటికి పాఱిపోయెను. అచ్చట గొఱ్ఱెలు కాయు రాహేలును వలచెను. చేతిలో ధనము లేదు. అందుచేత ఏడేండ్లు మామ గొఱ్ఱెలను కాచుటకు ఒప్పుకొనెను. ఇల్లటపుటల్లుని మీరెఱుగుదురు. కొడుకులు లేని రెడ్ల ఇండ్లలో అల్లుని తెచ్చుకొని, వాని కష్టమునకు ప్రతిగా ఆస్తిలో పాలిచ్చు ఇల్లటపు ఆచారమును మదరాసు న్యాయస్థానములు సహితము అంగీకరించినవి. అయితే లాబాను అల్లునికి పాలిచ్చువాడు కాడు. ఏడేండ్లు నిండినప్పుడు రాత్రివేళ పెద్దకూతురు లేయాను పంపెను. రాహేలు కొఱకు మఱి యేడేండ్లు చాకిరి చేయించుకొనెను. యాకోబు మోసపోయెనని అందఱును జాలిపడుదురు. లేయాను ఎవరు అడిగిరి? తనను కోరని పురుషుని యింట ఆమె జీవితమంతయు గడపవలసి వచ్చెను. చెల్లెలికి సవతి కావలసి వచ్చెను.

అయినను ఆ అక్కచెల్లెండ్రు మూగవారు కారు. ఇరువది యేండ్ల పిమ్మట యాకోబు స్వదేశమునకు పోదమని వారిని పొలములోనికి పిలిచి ఆలోచన యడిగినప్పుడు, వారిరువురు ఏకకంఠమున చెప్పినది వినుడు. తండ్రి యింట మాకింక పాలున్నదా? ఆయన మమ్ము పరాయివారిగా చూచి, అమ్మివేసి, మా సొమ్మును తినివేసెను గదా, అనిరి. ఆ కాలమున వరుడు పిల్ల తండ్రికి శుల్కమిచ్చెడివాడు. మన పల్లెలలో దానినే ఓలి యనుచుండిరి. ఓలి బిడ్డకు ఆధారముగా నిలువవలసినది, తండ్రి తినివేసినాడని వారి వ్యాజ్యము. నేడు ఓలి పోయి కట్నము వచ్చినది. 1961లో వరకట్న నిషేధశాసనము చేయబడినను అది పోలేదు. ధనము నడచు దిక్కు మాఱినది. బిడ్డ పేరిట చేతులు మాఱిన ధనము ఆ బిడ్డ చేతికి చేరకుండుట మాత్రము మాఱలేదు.

బిడ్డలు లేని స్త్రీ దుఃఖము ఈ గాథలలో పదేపదే కనబడును. శారా, రిబ్కా, రాహేలు, హన్నా, వీరందఱును చాలకాలము గొడ్రాండ్రను నింద మోసినవారే. హన్నా భర్త ఎల్కానా మంచివాడు. పది మంది కొడుకులకంటె నేను నీకు ఎక్కువ కానా అని ఆమెను ఓదార్చెను. అయినను సవతియైన పెనిన్నా సూటిపోటి మాటలు ఆమెను తినుచుండెను. ఆమె గుడికి పోయి పెదవులు కదల్చుచు లోలోపల ప్రార్థించుచుండగా, ద్వారముకడ కూర్చున్న పూజారి ఏలీ ఆమెను త్రాగుబోతని తలచి గద్దించెను. ఆమె వెఱవక, నేను త్రాగలేదు, నా దుఃఖమును కుమ్మరించుచున్నానని బదులు చెప్పెను. అంతట ఆ వృద్ధుడు తన మాట వెనుకకు తీసికొని ఆమెను దీవించి పంపెను. ముందు తప్పుగా తలచుట పెద్దవారికిని కలుగును; విన్న పిదప మాట మార్చుకొనుటలోనే పెద్దఱికము కలదు.

శారా కథలో మఱియొక స్త్రీ కలదు. ఆమె పేరు హాగరు; ఐగుప్తు దేశమునుండి వచ్చిన దాసి. తనకు బిడ్డలు లేనందున శారా ఆమెను భర్తకిచ్చెను. దాసి గర్భవతి కాగానే ఇంటిలో కలత పుట్టెను. శారా బాధపెట్టగా హాగరు అరణ్యమునకు పాఱిపోయెను. ఆ కథను తీర్చిన అబ్రాహాము గొప్ప భక్తుడే. కాని ఆనాడు నీ దాసి నీ చేతిలో నున్నది, నీ మనసు వచ్చినట్లు చేయుమని భార్యతో చెప్పి ఊరకుండెను. అరణ్యములో నీటి ఊటకడ దేవదూత ఆమెను పేరుపెట్టి పిలిచెను. యజమానులు ఆ కథలో ఆమెను దాసి యనుటయేగాని పేరెత్తి పిలువలేదు. ఆమె దేవునికి, నన్ను చూచుచున్న దేవుడవు అను అర్థము వచ్చు పేరు పెట్టెను.

కొన్ని యేండ్లకు శారాకు కొడుకు పుట్టగా, హాగరును ఆమె బిడ్డడిని రొట్టెతోను, ఒక నీటి తిత్తితోను పంపివేసిరి. తిత్తిలోని నీరు అయిపోయినది. బిడ్డ చచ్చుట చూడలేక ఆమె వానిని పొదక్రింద నుంచి, దూరముగా కూర్చుండి ఏడ్చెను. అప్పుడు ఆమె కన్నులకు బావి కనబడెను. ఇస్లాము సంప్రదాయములో ఈ తల్లియే హాజిరా. బిడ్డకు నీటికొఱకు సఫా, మర్వా గుట్టల నడుమ ఆమె ఏడుమాఱులు పరుగిడిన దానికి గుర్తుగా, హజ్జునకు పోవు యాత్రికులు నేటికిని ఆ గుట్టల నడుమ ఏడుమాఱులు నడతురు. ఇంటినుండి త్రోయబడిన పనికత్తె అడుగుజాడలలో రాజులును నడువవలసి వచ్చినది! ఇట్లు చెప్పుచుండగా నా మనస్సునకు కువైటునకు ఇంటిపనులకు పోవుచున్న కడపసీమ స్త్రీలు తోచుచున్నారు. పరుల యింట వారిని ఎవరైన పేరుపెట్టి పిలుచుచున్నారో లేదో! వారు పంపిన డబ్బుతో ఇల్లు కట్టుకొన్న ఊరు, వారు చిక్కినప్పుడు వారి మాట వినుచున్నదా అని నేను అడుగుచున్నాను.

ఇక గవిని కడకు పోదము. సెలోపెహాదు అనువాడు కొడుకులు లేక చనిపోయెను. వానికి ఐదుగురు కుమార్తెలు: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. ఇశ్రాయేలీయులు అప్పటికింకను గుడారములలో నుండిరి. ఊరు లేదు, గవిని లేదు. అందుచేత ఆ అక్కచెల్లెండ్రు ప్రత్యక్షపు గుడారపు ద్వారముకడ, మోషే యెదుటను, యాజకుడైన ఎలియాజరు యెదుటను, పెద్దలందఱి యెదుటను నిలిచిరి. మా తండ్రికి కొడుకులు లేనంతమాత్రమున ఆయన పేరు వంశములోనుండి తొలగిపోవలెనా? ఆయన అన్నదమ్ముల నడుమ మాకును భూమి పాలిమ్మని అడిగిరి. మోషే తనంతట తీర్పు చెప్పలేదు, దేవునికడ విన్నవించెను. సెలోపెహాదు కుమార్తెలు చెప్పినది న్యాయమే అని సమాధానము వచ్చెను. కొడుకులు లేనిచో కూతుండ్రకు స్వాస్థ్యమియ్యవలెనని శాసనమే ఏర్పడెను. తరువాత ఆ గోత్రపు పెద్దలు వచ్చి, భూమి పరగోత్రమునకు పోవునని అభ్యంతరము చెప్పగా, వారు తమ తండ్రి గోత్రమువారినే పెండ్లాడవలెనని నిబంధన చేర్చిరి. పూర్తి స్వేచ్ఛ కాదు. కాని దారి తెఱచుకొన్నది.

మన సీమలో ఇదే చిక్కునకు వెనుకటివారు వెదకిన దారులలో ఒకటి దుఃఖకరమైనది. కొడుకులు లేని కొన్ని కుటుంబములలో కూతురిని బసివిగా విడిచి, ఆమెను కొడుకువలె ఇంటనుంచి ఆస్తి నిలుపుకొను ఆచారము బళ్లారి, కర్నూలు ప్రాంతములలో నుండెను. ఆస్తి నిలిచెను, పిల్ల బ్రతుకు పోయెను. 1947లో మదరాసు ప్రభుత్వమును, 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును అట్టి సమర్పణలను నిషేధించు శాసనములు చేసినవి. సెలోపెహాదు కుమార్తెలకు లభించిన న్యాయమును ఈ ఆచారముతో పోల్చి చూచినప్పుడు, భూమిని కాపాడుటకు బిడ్డను బలియియ్య నక్కఱలేదని, బిడ్డకే భూమి యిచ్చిన చాలునని తెలియుచున్నది.

నేడు శాసనము మాఱినది. క్రైస్తవులకు వర్తించు 1925 నాటి వారసత్వ శాసనమున కొడుకునకును కూతురునకును సమానభాగము. హిందువులలో ఉమ్మడి కుటుంబపు ఆస్తియందు పెండ్లికాని కుమార్తెలకు 1985 సెప్టెంబరు 5 నుండి ఆంధ్రప్రదేశ్ శాసనము హక్కునిచ్చెను. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతట పెండ్లియైన కుమార్తెకు సహితము కొడుకుతో సమానమైన హక్కు కలిగినది. శాసనము పుస్తకములో నున్నది. కాని మన రిజిస్ట్రారు కచేరీలముందు ఏమి జరుగుచున్నదో మీరెఱుగుదురు. చీరయు పసుపుకుంకుమయు ఇచ్చి, ఆడుబిడ్డచేత హక్కు విడుదల పత్రముమీద వ్రేలిముద్ర వేయించుచున్నారు. అడిగినచో పుట్టింటి వాకిలి మూసికొనునను భయమున ఆమె వేయుచున్నది. ఆ పత్రమునకు సాక్షులెవరు? మీరును నేనును.

గవిని కథలలో మేటి రూతు కథ. బేత్లెహేము అను పేరునకు రొట్టెల యిల్లని యర్థము. ఆ రొట్టెల యింటనే కఱవు వచ్చెను. ఎలీమెలెకు భార్యయైన నయోమితోను, ఇద్దఱు కొడుకులతోను మోయాబునకు వలసపోయెను. అచ్చట అతడు చనిపోయెను. కొడుకులు ఆ దేశపు పిల్లలను పెండ్లాడి, కొంతకాలమునకు వారును చనిపోయిరి. మూడు తలలు విధవలై మిగిలినవి. కోడండ్రలో ఓర్పా అత్తను ముద్దిడి తల్లి యింటికి మరలెను. ఆమె చేసినది తప్పు కాదు. రూతు మాత్రము అత్తను విడువలేదు. అత్తాకోడండ్రు వైరులను మాట మనలో సామెతవలె వాడుక. ఈ కథయందు కోడలు ముసలియత్తను పోషించుటకు పరదేశములో కూలికత్తెయైనది.

యవల కోతకాలమున వారు బేత్లెహేము చేరిరి. రూతు పరిగె ఏఱుటకు పోయెను. వారి ధర్మశాస్త్రము చేనిగట్లవఱకు పూర్తిగా కోయరాదనియు, మఱచిన పన కొఱకు వెనుకకు తిరిగి పోరాదనియు, అవి విధవలకు, తండ్రిలేనివారికి, పరదేశులకు చెందుననియు విధించెను. అది బిచ్చము కాదు, హక్కు. మన శనగకాయల చేలలో పెఱుకుట ముగిసిన పిమ్మట స్త్రీలు, పిల్లలు చిన్న పాఱలతో మట్టి త్రవ్వి మిగిలిన కాయలను ఏఱుకొనుట చూచినవారికి రూతు కన్నులకు కట్టినట్లుండును. కొందఱు రైతులు వారిని అదలించుదురు. కొందఱు చూచియు చూడనట్లుందురు. చేనికి దొరయైన బోయజు రెండవ తెగవాడు, అంతకు మించినవాడు. ఆమెను ఎవరును ముట్టరాదని పనివాండ్రకు ఆజ్ఞాపించెను. పనలనుండి కొన్ని వెన్నులను కావలెనని లాగి పడవేయుడని చెప్పెను. పుచ్చుకొనుదానికి సిగ్గు కలుగకుండునట్లు ఇచ్చుట ఎంత గొప్ప గుణము! సాయంకాలమునకు ఆమె దుళ్లగొట్టినవి తూమెడు యవలైనవి. 1866వ సంవత్సరపు కఱవునందు వేలకొలది జనమునకు గంజిపోసిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు పుట్టిన నేల మనది. బోయజు మనకు పరాయివాడు కాడు.

పిమ్మట నయోమి ఆలోచనచొప్పున రూతు రాత్రివేళ కళ్లములోనికి పోయి, మీరు మా దగ్గఱి బంధువులు, నన్ను కాపాడవలెనని స్వయముగా అడిగెను. ఎంత ధైర్యము! ఎంత అపాయము! బోయజు ఆమె మానమును కాపాడి, తెల్లవాఱగానే గవినికి పోయి కూర్చుండెను. పదిమంది పెద్దలను పిలిచి కూర్చుండబెట్టెను. తనకంటె దగ్గఱి బంధువొకడుండెను. ఎలీమెలెకు పొలమును కొనెదవా అని అడుగగా వాడు కొనెదననెను. పొలముతోపాటు విధవయైన రూతును చేపట్టి, చనిపోయినవాని పేరు నిలుపవలెననగా వెనుదీసెను; తన ఆస్తి చెడిపోవునని భయపడెను. వాడు చెప్పు విడిచి ఇచ్చి హక్కు వదలుకొనెను. తన ఆస్తి కొఱకు అంత జాగ్రత్తపడిన వాని పేరు గ్రంథములో ఎక్కడను లేదు. పరదేశపు విధవయైన రూతు పేరు ఆ గ్రంథమునకే పేరైనది.

ఇచ్చట ఒక సంగతి గమనింపుడు. ఆనాడు గవిని యొద్ద రూతు లేదు, నయోమియు లేదు. వారి మాటను బోయజు మోసికొనిపోయెను, పెద్దలు సాక్షులమైతిమనిరి. అంతటితో ఊరకుండక వారు దీవించిరి. రాహేలు లేయాలవలె ఈమె ఇంటిని కట్టుగాక అనిరి. తామారు కనిన పెరెసు ఇంటివలె ఈ యిల్లు వర్ధిల్లుగాక అనిరి. తామారెవరు? మామయైన యూదా తనకు రావలసిన న్యాయమును ఏండ్లతరబడి జరుపగా, ముసుగు వేసికొని త్రోవప్రక్క కూర్చుండి, అతని ముద్రను, దారమును, చేతికఱ్ఱను గుర్తుగా పుచ్చుకొన్న విధవ. ఆమెను కాల్చివేయుడని తీర్పు చెప్పిన యూదా, ఆ గుర్తులను చూచి, ఈమె నాకంటె నీతిమంతురాలని పదిమందిలో ఒప్పుకొనెను. ఆ స్త్రీ పేరును గవిని పెద్దలు దీవెనగా పలికిరి. ఊరి జ్ఞాపకములో అవమానము గౌరవముగా మాఱినది. రూతు మునిమనుమడు దావీదు రాజు.

ఆ దావీదు యింటనే స్త్రీ మాట వినబడని కథయు జరిగినది. అతని కూతురును తామారే. సవతి యన్న అమ్నోను రోగినని నటించి, వంటచేసి పెట్టుటకు పిలిపించి, ఆమెను చెఱచెను. ఆమె వలదని, ఇట్టి అకార్యము మన దేశమున చేయరాదని, కారణములు చెప్పి బ్రతిమాలినను వినడాయెను. ఆమె బట్టలు చింపుకొని, తలమీద బూడిద పోసికొని ఏడ్చుచు పోయెను. అన్న అబ్షాలోము ఊరకుండుమనెను. తండ్రి దావీదు కోపగించెను. అంతకుమించి ఏమియు చేయలేదు. రెండేండ్ల తరువాత అబ్షాలోము అమ్నోనును చంపించెను. ఆ పగ తండ్రిమీది తిరుగుబాటుగా పెరిగి, అబ్షాలోము ప్రాణమును సహితము తీసెను. తండ్రి ఒక్క కూతురి మొఱ విని న్యాయము చేసియుండినచో రాజ్యము రెండుగా చీలియుండెడిది కాదేమో! యాకోబు కూతురు దీనా కథయు ఇట్టిదే. ఆమెకు కీడు జరిగెను, తండ్రి ఊరకుండెను, అన్నలు కత్తులు పట్టి ఊరిలోని మగవారినందఱిని చంపిరి. దీనా నోటినుండి వచ్చిన మాట మాత్రము ఆ కథలో ఒక్కటియు లేదు. కక్షలవలన ఇండ్లు కూలిన సీమలో నున్న మనకు ఈ కథల అర్థము వేఱుగా చెప్పనక్కఱలేదు. ఆడుదాని పేరిట పగలు పెంచుకొనువారు మొదట ఆమెను పిలిచి, నీకేమి కావలెనని అడుగరు.

ఈ గాథలన్నియు ఆదర్శములని నేను చెప్పను. వానిలో దాస్యమున్నది, బహుభార్యాత్వమున్నది, అన్యాయమున్నది. గ్రంథకర్తలు వానిని దాచలేదు. అదియే వారి గొప్పతనము. అట్టి కాలముననే దెబోరా అను స్త్రీ ఖర్జూరపు చెట్టుక్రింద కూర్చుండి ప్రజల తగవులు తీర్చెనని కూడ వారు వ్రాసిరి. 1993లో అమలునకు వచ్చిన రాజ్యాంగ సవరణ వలన పంచాయతీలలో స్త్రీలకు మూడవవంతునకు తక్కువ కాకుండ స్థానములు లభించినవి. కాని అనేక ఊళ్లలో సర్పంచి పేరు ఆమెది, కుర్చీ భర్తది. చెట్టు ఉన్నది, దెబోరాను ఇంటికడ కూర్చుండబెట్టినాము.

సామెతల గ్రంథపు చివరి అధ్యాయములో ఒక గృహిణి వర్ణన కలదు. ఆమె పొలమును చూచి తానే కొనును. తన చేతికష్టముతో ద్రాక్షతోట నాటించును. ఆమె భర్త గవిని యొద్ద పెద్దలతో కూర్చుండును. ఆమె కష్టమువలననే అతడు తీరికగా అచ్చట కూర్చుండగలిగెనని గ్రంథము సూచించుచున్నది. కడపట, ఆమె చేసిన పనులే గవిని యొద్ద ఆమెను పొగడవలెనని ముగించుచున్నది.

పెద్దలారా! రచ్చకట్టమీద మీకు స్థానము కలదు. ఇక మీదట మీ యెదుటికి విడుదల పత్రము వచ్చినప్పుడు సంతకమునకు ముందు ఆ ఆడుబిడ్డను ఒంటరిగా పిలిచి, నీ మనసులో ఏమున్నదమ్మా అని ఒక్కమాట అడుగుడు. పెండ్లి నిశ్చయమైనప్పుడు రిబ్కాను అడిగినట్లు అడుగుడు. చేనిలో పరిగె ఏఱువారిని అదలింపకుడు. మీరు అడిగిన ఆ ఒక్క మాట వలన ఒక యిల్లు నిలువవచ్చును. ఏ అరుగుమీద ఆ మాట అడుగుదురో ఆ అరుగే న్యాయస్థానము.